తిండి బొమ్మను మూడు నిమిషాల్లో ఖాళీ చేసే లాబ్రడార్‌కు మధ్యాహ్నమంతా పని కల్పించడం ఎలా?

ప్రశ్న (నక్కలగుట్ట పైఅంతస్తు)

అందరికీ నమస్కారం. మేము హనుమకొండలోని నక్కలగుట్టలో ఒక ఇంటి పైఅంతస్తులో అద్దెకు ఉంటున్నాము. మా లాబ్రడార్ పేరు లడ్డూ. ఆడకుక్క, రెండున్నరేళ్ల వయసు. నేనూ మావారూ పొద్దున తొమ్మిదిన్నరకు ఉద్యోగాలకు వెళ్తే మళ్లీ ఇంటికి చేరేది సాయంత్రం ఐదున్నరకే. అంతసేపూ ఇంట్లో ఉండేది మా అత్తమ్మ ఒక్కరే. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉన్నందున లడ్డూను మెట్లు దింపి బయటికి తీసుకుపోవడం ఆమెతో అయ్యే పని కాదు. పొద్దున ఐదింటికీ రాత్రి తొమ్మిదింటికీ మావారు అరగంట చొప్పున వడ్డేపల్లి చెరువు కట్ట వైపు తిప్పుకొస్తారు. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో ఆ మధ్య వేళల్లో దాన్ని బయటికి తీసే వీలే లేదు.

ఇబ్బంది అంతా మధ్యాహ్నం పూట వస్తోంది. పదకొండు దాకా నిద్రపోతుంది, లేచాక దర్వాజ చట్రాన్ని కొరుకుతుంది, బొంత అంచును పీకుతుంది, ఇంకేమీ దొరకకపోతే అత్తమ్మ ఎదుట కూర్చుని ఆమె ముఖంలోకే చూస్తూ మొరుగుతుంది. చట్రం అడుగున ఇప్పుడు నా పిడికిలి పట్టేంత గుంట పడింది. అది ఇంటి ఓనరు గారు ముచ్చటపడి చేయించుకున్న టేకు దర్వాజ.

కుక్క బుర్రకు పని ఉంటే ఈ అల్లరి తగ్గుతుందని విని రెండు తిండి బొమ్మలు తెప్పించాము. ఒకటి ప్లాస్టిక్ బంతి. దొర్లిస్తే పక్కనున్న రంధ్రంలో నుంచి డ్రై ఫుడ్ గింజలు రాలుతాయి. లడ్డూ దాన్ని మూడు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది, పైగా టైల్స్ మీద ఆ బంతి చేసే చప్పుడుకు కింది అంతస్తు నుంచి ఇప్పటికే రెండుసార్లు ఫిర్యాదు వచ్చింది. రెండోది లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మ. దాంట్లో అన్నమూ ఉడికించిన గుడ్డూ కలిపి, గట్టిగా కూరి, రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి ఇచ్చాము. పది నిమిషాలు నాకింది, ఒకసారి గోడకేసి కొట్టింది, ఆ తరువాత దాని ముందు నిలబడి మొరిగి వెళ్లిపోయింది. ఒకటి మరీ తేలికగానూ మరొకటి మరీ కష్టంగానూ ఉన్నప్పుడు మధ్యలో ఎక్కడ మొదలుపెట్టాలో మాకు తెలియడం లేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. లడ్డూ ఇప్పుడు 36 కిలోలు ఉంది. దాన్ని 31కి దించాలని, రోజుకు 320 గ్రాముల డ్రై ఫుడ్‌కు మించి పెట్టవద్దని డాక్టరు చెప్పారు. బొమ్మల్లో పెట్టేది ఆ లెక్కలోకి వస్తుందా? ఈ బొమ్మల వల్ల నిజంగా దాని బుర్రకు పని పడుతుందా, లేక తిండిని కాసేపు ఆలస్యం చేయడం తప్ప వీటిలో ఏమీ లేదా?

జవాబు (కాజీపేట, రెండు కుక్కల ఇల్లు)

మీకు ఎదురైన రెండు అనుభవాలకూ మూలం ఒక్కటేనని నాకు అనిపిస్తోంది. బంతిని తోస్తే గింజ రాలుతుందని లడ్డూకు మొదటి రోజే తెలిసిపోయింది. గడ్డకట్టిన అన్నాన్ని ఏం చేయాలో మాత్రం దానికి ఎవరూ నేర్పలేదు. బొమ్మ కొని చేతికిస్తే కుక్క తనంతట తానే ఆడుకుంటుందని మనం అనుకుంటాము. నా అనుభవంలో మొదటి పదిహేను రోజులు ఆ బొమ్మతో ఆడవలసింది మనమే.

బుర్రకు పని పడుతుందా అని అడిగారు. 1963లో జెన్సన్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, ఎదురుగా గిన్నె నిండా తిండి ఉన్నా చాలా ఎలుకలు మీట నొక్కి సంపాదించుకున్న తిండినే ఎక్కువగా తిన్నాయి. ఆ గుణానికి కాంట్రాఫ్రీలోడింగ్ అని పేరు. తరువాత కోళ్లలోనూ పావురాలలోనూ ఇదే గమనించారు. అయితే దీన్ని చూపి ప్రతి కుక్కా కష్టపడటానికి ఉవ్విళ్లూరుతుందని అనుకుంటే పొరపాటు. నేను పెంచిన కుక్కలు పక్కన గిన్నె ఉంటే నేరుగా గిన్నె దగ్గరికే వెళ్లేవి. గిన్నె లేనప్పుడు మాత్రం సంతోషంగా పని చేసేవి, అదీ పని మొదలుపెట్టిన కొన్ని క్షణాలకే ఏదో ఒక ముక్క నోటికి అందినప్పుడు. అందుకే గిన్నెను పక్కన పెట్టేయండి. 320 గ్రాములను పొద్దున్నే తూకం వేసి ఒక డబ్బాలో పోసి, ఆ రోజు బంతిలోకి గానీ రబ్బరు బొమ్మలోకి గానీ నేల మీదికి గానీ ఏది వెళ్లినా ఆ డబ్బాలో నుంచే వెళ్లాలని ఇంట్లో అందరికీ చెప్పండి. మీ రెండో ప్రశ్నకు అదే జవాబు: లెక్కలోకి తప్పకుండా వస్తుంది.

ఇక రబ్బరు బొమ్మ సంగతి. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి అది కాంగ్ అనే కంపెనీ బొమ్మల రకానిది అయి ఉండాలి. దాని కథ కూడా కొంచెం చిత్రమైనది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. అది రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేది. ఒకరోజు ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తుంటే, పక్కన పడేసిన రబ్బరు విడిభాగాన్ని ఫ్రిట్జ్ పట్టుకుని వదల్లేదు. ఆ ముక్క ఆకారమే తరువాత బొమ్మ అయింది. అంటే అది మొదట నమలడానికి పుట్టిన వస్తువు. తిండి కూరడం తరువాత వచ్చిన వాడుక. ఆ సంగతి మరిచిపోయి మనం మొదటి రోజే దాన్ని సిమెంటు పోసినట్టు నింపుతాము.

లడ్డూకు మొదట గింజలను వదులుగా, సగానికే పోసి ఇవ్వండి. ముక్కుతో తోస్తే జలజలా రాలిపోవాలి. దానికి రెండు నిమిషాలే పట్టినా పరవాలేదు. రెండు మూడు రోజులయ్యాక అవే గింజలను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి, పైపైన నింపండి. ఆ తరువాత మూతి దగ్గర ఒక చెంచా పెరుగన్నం అడ్డం పెట్టండి. అది కూడా సులువుగా తీసేస్తున్నప్పుడు గంటసేపు ఫ్రీజర్లో ఉంచండి. రాత్రంతా గడ్డకట్టించడం అనేది వీటన్నింటి తరువాత మాట. మీరు చివరి మెట్టు నుంచి మొదలుపెట్టారు.

ఎప్పుడు కష్టం పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది గడియారం చూసి తేల్చకండి, కుక్కను చూసి తేల్చండి. పని చేస్తున్న కుక్క చెవులు ముందుకు వాలి ఉంటాయి, తోక నెమ్మదిగా ఊగుతుంటుంది, బొమ్మను ముందు కాళ్ల మధ్య ఇరికించుకుని మూతిని ఒకసారి ఈ పక్కకూ ఒకసారి ఆ పక్కకూ తిప్పుతుంది. విసుగు పుట్టిన కుక్క బొమ్మను వదిలి మీ ముఖం చూస్తుంది, ఆవలిస్తుంది, మళ్లీ వచ్చి కాలితో కొడుతుంది, ఆఖరికి మొరుగుతుంది. మీరు వర్ణించిన మొరుగుడు అదే. ఆ స్థితిలో దాన్ని అలాగే వదిలేస్తే బొమ్మ మీదే ఆశ పోతుంది. కాబట్టి వెంటనే చేతిలోకి తీసుకుని, వేలితో కొంచెం గుల్ల చేసి తిరిగి ఇవ్వండి.

బంతి చప్పుడుకు మా ఇంట్లో కనిపెట్టిన ఉపాయం జంపఖానా. వరంగల్‌లో ఉండి కొత్తవాడ జంపఖానా లేని ఇల్లు ఉండదు కదా! పాతదాన్ని రెండు మడతలు వేసి పరిచి బంతిని దాని మీద ఇస్తే చప్పుడు పోతుంది, బంతి దొర్లే వేగమూ తగ్గుతుంది, మూడు నిమిషాల ఆట పది నిమిషాలకు సాగుతుంది. రంధ్రం వెడల్పును మార్చే వీలుంటే గింజ అడ్డంగా పడితే చిక్కుకునేంతకు తగ్గించండి.

జవాబు (పరకాల దగ్గరి ఊరు)

పై జవాబుతో నాకు పేచీ లేదు గాని, కొన్న బొమ్మల చుట్టూనే మాట తిరుగుతోంది. మా ఇంట్లో ఉన్నది ఊర కుక్క. దానికి నేను ఇంతవరకు ఒక్క బొమ్మ కూడా కొనలేదు. మక్కలు తెచ్చిన గోనె సంచిని దులిపి, ఎండలో వేసి, దాని మడతల్లో పొద్దుటి తిండిని చల్లి పెడతాను. మూతి లోపలికి దూర్చి, బుసబుసమని గాలి పీలుస్తూ, ఒక్కో మడతనూ ముక్కుతోనే విప్పుతుంది. ఆ ఇరవై నిమిషాల తరువాత అది వేప చెట్టు కింద పడుకునే తీరు చూస్తే రెండు మైళ్లు పరిగెత్తి వచ్చిందా అనిపిస్తుంది.

కుక్కకు బుర్ర పని అంటే ముక్కు పని అని నా నమ్మకం. ఇది నా ఒక్కడి మాటే కూడా కాదు. 2019లో డ్యురాంటన్, హొరోవిట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్ని పెంపుడు కుక్కలకు రెండు వారాల పాటు వాసన పట్టి వెతికే పని అలవాటు చేశారు, మరికొన్నింటికి యజమాని పక్కన క్రమంగా నడవడం అలవాటు చేశారు. తరువాత తిండి ఉందో లేదో తెలియని గిన్నెను ఎదురుగా పెట్టి చూస్తే, వాసన పని చేసిన కుక్కలు మునుపటి కంటే త్వరగా, ఆశతో దాని దగ్గరికి వెళ్లాయి. రెండో గుంపులో అలాంటి మార్పు కనిపించలేదు.

అందుకని మీ వారిని ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఆ అరగంట లడ్డూ నడుస్తోందా, లేక ఆయన నడకకు అది తోడు వెళ్తోందా? పొద్దుటి నడకలో పది నిమిషాలు గొలుసు వదులు చేసి, అది ఏ పొద దగ్గర ఆగితే అక్కడ ఆగమనండి. ఇంట్లోనేమో అత్తమ్మ గారు కుర్చీలో కూర్చునే చేయగల పని ఒకటి ఉంది. నాలుగైదు అట్టపెట్టెల్లో కాగితాలు నలిపి వేసి, రెండింటిలోనే గింజలు వేస్తే చాలు. పెట్టెలకున్న టేపులు, పిన్నులు మాత్రం ముందే పీకేయాలి.

జవాబు (పశువైద్యుడు, కరీంనగర్)

ఇంతవరకు వచ్చిన సలహాలు మంచివే. వాటి మీద కొన్ని జాగ్రత్తలు చెప్పవలసి ఉంది. ముందుగా గోనె సంచి, జంపఖానా. ఈ రెండింటికీ పోగులు ఊడతాయి. కుక్క మింగిన పొడవాటి పోగు ఒక కొన ఎక్కడో చిక్కుకుంటే పేగు దాని చుట్టూ ముడుచుకుపోయి కోసుకుపోయే ప్రమాదం ఉంటుంది, దానికి ఆపరేషన్ తప్ప దారి ఉండదు. లడ్డూ బొంత అంచును పీకే కుక్క అని మీరే రాశారు కాబట్టి, గుడ్డతో చేసినది ఏదైనా మనిషి కళ్లెదుట మాత్రమే ఇచ్చి, తిండి అయిపోగానే తీసేయండి. అత్తమ్మ గారు నిద్రపోయే వేళ రబ్బరు బొమ్మ ఒక్కటే ఉండాలి.

బొమ్మ గట్టిదనాన్ని గోటితో చూసుకోవచ్చు. బొటనవేలి గోరు నొక్కితే కొంచెమైనా లోపలికి దిగాలి. అసలు దిగనంత గట్టి వస్తువును కొరికితే పైదవడ పెద్ద పన్ను పెచ్చులూడి విరుగుతుంది. లోపల తిండి పెట్టే బొమ్మకు రంధ్రాలు రెండు ఉండాలి. ఒకే రంధ్రం ఉంటే నాకుతున్నప్పుడు లోపలి గాలి పోయి నాలుక ఇరుక్కుని వాచిపోతుంది. పరిమాణం ఎంత ఉండాలంటే, కుక్క నోరు పూర్తిగా తెరిచినా బొమ్మ పళ్ల వెనక్కి పోకూడదు.

లోపల నింపేదాని విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాటు, మిగిలిన కూర. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి కోడికూర పులుసులో కలిపిన అన్నం పెట్టకూడదు. పాయసంలో వేసే కిస్మిస్‌లు మూత్రపిండాలను పాడుచేస్తాయి. పల్లీల వెన్న నింపేవారు సీసా మీది అక్షరాలను చదవాలి. జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే, అంటే మన లేబుళ్ల మీద ఐఎన్‌ఎస్ 967 అని ఉంటే, దాన్ని ఇంట్లోకే తేకండి. కొద్ది మోతాదుకే కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది, కాలేయమూ దెబ్బతినవచ్చు. ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్, ఉప్పు లేని పెరుగన్నం, ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం నిశ్చింతగా వాడవచ్చు. డ్రై ఫుడ్ కాకుండా పెట్టే ఇలాంటివన్నీ కలిసి రోజు మొత్తం క్యాలరీలలో పదో వంతు దాటకూడదు, దాటిన మేరకు గింజలు తగ్గించాలి.

లాబ్రడార్ ఆకలిని గురించి కూడా ఒక మాట. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఈ జాతి కుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పోమ్‌సీ అనే జన్యువులో చిన్న లోపం ఉందని, అది ఉన్నవాటికి తిండి మీద ధ్యాస ఎక్కువని, బరువూ ఎక్కువని గుర్తించారు. అందుచేత లడ్డూ దీనంగా చూసినప్పుడల్లా ఆకలి వేస్తోందని అనుకోవద్దు. మరోవైపు, ఇంత తిండిపోతు కుక్క మీరు ఇల్లు దాటిన మరుక్షణం నుంచి బొమ్మను ముట్టకుండా దర్వాజ దగ్గరే చొంగ కారుస్తూ తిరుగుతుంటే, అది తోచకపోవడం కాదు, ఒంటరితనపు భయం. భయపడే కుక్క తినదు. దానికి బొమ్మలు మందు కావు, విడిగా చికిత్స కావాలి. అత్తమ్మ గారు ఇంట్లోనే ఉంటున్నారు, అల్లరి పదకొండు తరువాతే మొదలవుతోంది కాబట్టి మీది ఆ కేసు కాదనే అనుకుంటున్నాను.

బొమ్మను రోజూ సీసా బ్రష్‌తో లోపలి దాకా కడగాలి. వానకాలంలో లోపల మిగిలిన మెతుకు మీద ఒక్క రోజులోనే బూజు పడుతుంది; కొన్ని రకాల బూజు కుక్కకు వణుకు, ఫిట్స్ తెప్పిస్తుంది.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన క్రమంలోనే వెళ్లాము. రబ్బరు బొమ్మలో ఇప్పుడు గంటసేపు గడ్డకట్టించిన దాకా వచ్చాము, దానికి లడ్డూకు ఇరవై అయిదు నిమిషాలు పడుతోంది. చట్రంలో గుంట కొత్తగా పెరగలేదు. బరువు మొన్న చూపిస్తే 35 కిలోలు ఉంది. ఇంకొంచెం తగ్గవలసిందే గాని, మధ్యలో ఒక సంగతి బయటపడింది. అట్టపెట్టెల ఆట అత్తమ్మకు ఎంతగా నచ్చిందంటే, డబ్బాలోని గింజలు అయిపోయాక ఆమె తన జొన్నరొట్టెను తుంచి పెట్టెల్లో వేస్తున్నారు. అదేమిటని అడిగితే, "అది అంత కష్టపడుతుంటే కూలి ఇయ్యొద్దా?" అన్నారు. ఇప్పుడు ఆ రొట్టె ముక్కలను కూడా పొద్దున్నే తూచి డబ్బాలో వేస్తున్నాము.

బంతి విషయంలో మాత్రం లడ్డూ మమ్మల్ని ఓడించింది. జంపఖానా మీద బంతి నెమ్మదించిందని గ్రహించిన నాలుగో రోజున, దాన్ని నోట కరుచుకుని మెట్ల పైవరకు తీసుకెళ్లి, అంచున పెట్టి, ముక్కుతో ఒక్క తోపు తోసింది. బంతి పద్దెనిమిది మెట్లూ ఎగిరెగిరి దిగుతూ గింజలన్నీ రాల్చేసింది. లడ్డూ తాపీగా మెట్టు మెట్టుకూ ఏరుకుంటూ దిగింది. అప్పటి నుంచి రోజూ ఇదే తంతు. దీన్ని ఆపాలా? ఇంకొకటి, రబ్బరు బొమ్మ ఖాళీ అయ్యాక ఫ్రిజ్ ముందు పడుకుని మూలుగుతోంది, దానికేం చేయాలి?

జవాబు (కాజీపేట, రెండు కుక్కల ఇల్లు)

ఫ్రిజ్ ముందు మూలిగినప్పుడు ఒక్కసారి కూడా తలుపు తీయవద్దని అత్తమ్మ గారికి చెప్పండి. ఒకసారి తీస్తే ఆ మూలుగే దానికి కొత్త తిండి బొమ్మ అవుతుంది. బొమ్మ ఖాళీ కాగానే చేతిలోకి తీసుకుని, ప్రతిరోజూ ఒకే మాట, "అయిపోయింది" అని చెప్పి కుక్కకు కనిపించని చోట పెట్టేయాలి. వారం పది రోజుల్లో ఆ మాటకు అర్థం దానికి తెలుస్తుంది. వీలైతే రబ్బరు బొమ్మను పదకొండున్నరకు ఇచ్చి, పెట్టెల ఆటను మూడింటికి జరపండి. మధ్యలో ఎలాగూ నిద్రపోతుంది.

మెట్ల విద్యను ఆపవద్దని నా సలహా. మనం పెట్టిన లెక్కకు అది తనదైన జవాబు కనిపెట్టుకుంది; మీరు అడిగిన బుర్ర పని అంటే ఇదే కదా! పైగా 35 కిలోలున్న కుక్క రోజుకు ఒకసారి మెట్లు దిగి ఎక్కడం నష్టమేమీ కాదు, పరుగెత్తకుండా నెమ్మదిగా దిగుతున్నంత వరకు. కాకపోతే ఆ వేళ మెట్ల మీద అత్తమ్మ గారు గాని ఇంకెవరైనా గాని లేకుండా చూసుకోండి, కింది గేటు మూసి ఉంచండి. రాలిన గింజలను అది వదిలిపెట్టదు గాని, బంతికి అంటిన పొడికి చీమలు పడతాయి, కాబట్టి అక్కడ ఒక తడిగుడ్డ వేయండి. చప్పుడుకు మాత్రం మెట్లన్నింటికీ జంపఖానా పరచలేరు. ఓనరు గారు మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటారో కనుక్కుని, బంతిని ఆయన లేచాకే ఇవ్వండి.